ముప్పావు తెలుసు, 3/4 తెలీదు

మా బీఏ సైకాలజీ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు మొత్తం ఒక గీత చుట్టూ తిరిగింది. తెల్ల కాగితం మీద 20 సెంటీమీటర్ల అడ్డగీత, ఎడమ చివర 0, కుడి చివర 1, మధ్యలో ఏమీ ఉండదు. పైన ఒక భిన్నం రాసి ఉంటుంది. అది ఆ గీత మీద ఎక్కడ వస్తుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి, తర్వాత నేను స్కేలు పెట్టి అసలు చోటుకీ వాళ్లు పెట్టిన చోటుకీ ఎన్ని మిల్లీమీటర్ల తేడా ఉందో కొలుచుకుంటాను. ఐదో తరగతి పిల్లలకి ఇచ్చాను, మా కాలేజీ వాళ్లకి ఇచ్చాను, చివరికి మా ఊళ్లో పక్కింటి అత్తకి కూడా ఇచ్చాను. ఈ పోస్టు రాయాలనిపించింది ఆవిడ వల్లే, కానీ అక్కడికి రావాలంటే ముందు పిల్లల సంగతి చెప్పాలి.

ఈ గీత మేం కనిపెట్టింది కాదు. 2003లో రాబర్ట్ సీగ్లర్, జాన్ ఆఫర్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు 0 నుంచి 1000 దాకా ఉన్న గీత ఇచ్చి సంఖ్యలు ఎక్కడుంటాయో గుర్తు పెట్టమన్నారు. రెండో తరగతి పిల్లలు చిన్న సంఖ్యలకి బోలెడంత చోటిచ్చేసి, పెద్ద సంఖ్యలన్నిటినీ కుడి చివర ఇరికించారు. ఆరో తరగతి పిల్లలూ పెద్దవాళ్లూ సమానంగా పరిచారు. ఆ గ్రాఫు మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే పిల్లల మనసులో సంఖ్య ఎంత దూరంలో కూర్చుందో కంటికి కనపడేలా గీసి చూపించారు. ఆ తర్వాత ఇదే పద్ధతి భిన్నాలకీ వాడారు, మా గైడ్ మేడమ్ నాకు ఇచ్చిన పని కూడా అదే.

మొదటి రోజు నేను చేసిన తప్పు చెప్తాను, ఇలాంటి ప్రాజెక్టు చేయబోయే వాళ్లకి పనికొస్తుంది. బడి అనుమతి, అమ్మానాన్నల సంతకాలు అన్నీ అయ్యాయి, పిల్లల్ని కూడా విడిగా అడిగాను, ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చని చెప్పాను. ఒక పాప 1/2ని ఎడమ చివరకి దగ్గరగా పెట్టింది, దానికి కాస్త కుడిగా 1/3, ఇంకాస్త కుడిగా 1/4. నేను "ఎందుకు అక్కడ పెట్టావమ్మా?" అని అడిగానంతే, వెంటనే రబ్బరు తీసుకుని మూడూ చెరిపేసింది. తప్పు పెడితేనే పెద్దవాళ్లు ఎందుకు అని అడుగుతారని ఆ పిల్లకి బాగా తెలుసు. నేను గమనించుకోలేదు కానీ, కరెక్టుగా పెట్టిన వాళ్లెవరినీ నేనా ప్రశ్న అడగలేదు. ఆ రోజు కాగితాలన్నీ పక్కన పెట్టేయాల్సి వచ్చింది. "నువ్విక్కడ టీచరువి కాదు, నీ మొహం చూసి జవాబు మార్చుకోకూడదు" అన్నారు మేడమ్. మర్నాటి నుంచి ప్రతి జవాబుకీ, అది ఒప్పయినా తప్పయినా, ఒకే గొంతుతో "ఎందుకు అక్కడ?" అని అడగడం మొదలుపెట్టాను. అప్పుడు పిల్లలు మాట్లాడటం మొదలుపెట్టారు.

"నాలుగు పెద్దది కదక్కా" అన్నాడొకడు, 1/4ని 1/2 కన్నా ముందుకి జరిపి. వాడి మాటలో తప్పు పట్టడానికి ఏముంది? అప్పటిదాకా వాడి జీవితంలో నాలుగు ఎప్పుడూ రెండు కన్నా పెద్దదే. నాలుగేళ్లుగా బడి వాడికి నేర్పింది కూడా అదే, ఒక్కసారిగా భిన్నంలో అడ్డగీత కిందకి వెళ్లగానే నాలుగు చిన్నదైపోతుందని వాడెందుకు నమ్మాలి? ఇంకో పాపని 1/4, 2/4 కూడమన్నాను. హారం అలాగే ఉంచాలి, లవాలు కూడాలి అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పి చకచకా 3/4 అని రాసింది. మరి ఆ 3/4 గీత మీద ఎక్కడుందంటే చాలాసేపు చూసి, "ఇది సంఖ్య కాదు కదక్కా, రెండు సంఖ్యలు కదా" అంది. నేనా మాటని నోట్‌బుక్‌లో రాసుకుని కింద రెండు గీతలు గీసుకున్నాను.

ఇది మన బళ్ల సమస్య మాత్రమే అనుకోకండి. 1978లో అమెరికా జాతీయ పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకి ఒక ప్రశ్న ఇచ్చారు. 12/13 + 7/8 సుమారుగా ఎంత, 1, 2, 19, 21ల్లో ఒకటి ఎంచుకోండి అని. 12/13 దాదాపు ఒకటి, 7/8 దాదాపు ఒకటి, కలిపితే దాదాపు రెండు. కాగితం కూడా అక్కర్లేదు. సరైన జవాబు పెట్టింది 24 శాతం మంది, సగం కంటే ఎక్కువమంది 19 అనో 21 అనో పెట్టారు. పైవి కూడితే 19, కిందవి కూడితే 21. అన్నేళ్ల తర్వాత సీగ్లర్ బృందం అదే ప్రశ్న ఎనిమిదో తరగతి పిల్లలకి ఇచ్చి 2015లో ఫలితం రాస్తే, సరిగ్గా చెప్పినవాళ్లు 27 శాతం. ఇన్నేళ్లలో ఎన్ని పాఠ్యపుస్తకాలు మారి ఉంటాయో ఆలోచించండి.

పెద్దవాళ్ల సంగతికొస్తే, మా హాస్టల్లో ఇంటర్ ఎంపీసీ చదివొచ్చిన స్నేహితురాలికి అదే లెక్క ఇచ్చాను. క.సా.గు. 104 అంది, 96, 91 అని రాసుకుంది, 187/104 అని నిమిషంలోపే తేల్చేసింది, ఒక్క తప్పు లేదు. "సుమారు ఎంతే?" అంటే ఆగిపోయింది. "ఉండు, భాగించి చెప్తా" అని మళ్లీ పెన్ను తీసింది. తనకి లెక్కలు రావని ఎవరూ అనలేరు, నాకన్నా పది రెట్లు వేగంగా చేస్తుంది, కానీ ఆ పాపకి 3/4 రెండు సంఖ్యలైనట్టే ఇక్కడ కూడా 12/13 అంటే చేయాల్సిన పనే తప్ప ఇంత అని తెలిసిన ఒక పరిమాణం కాదు. పాపకీ తనకీ మధ్య ఉన్న తేడా పద్ధతులు ఎన్ని వచ్చన్నదే.

పెద్దవాళ్ల మీద జరిగిన పరిశోధనల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ కాలేజీ విద్యార్థులకి నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం కట్టడం నేర్పారు. కొందరికి ఒక రకం లెక్కలన్నీ అయ్యాకే ఇంకో రకం ఇచ్చారు, కొందరికి అన్నీ కలగలిపి ఇచ్చారు. అభ్యాసంలో మొదటివాళ్లకి 89 శాతం వచ్చాయి, కలిపి చేసినవాళ్లకి 60 శాతమే. వారం తర్వాత పరీక్ష పెడితే మొదటివాళ్లు 20కి పడిపోయారు, రెండోవాళ్లు 63 దగ్గర నిలబడ్డారు. మనం అభ్యాసం 3.2 అని పేరు పెట్టి ఒకే రకం లెక్కలు ఇరవై చేయిస్తాం, ఏ సూత్రం వాడాలో ఆ పేరే చెప్పేస్తుంది కాబట్టి పిల్లకి ఆలోచించే అవసరం రాదు. చేస్తున్నంతసేపూ వచ్చినట్టే ఉంటుంది. నా ఇంటర్ రెండేళ్లూ గుర్తొచ్చి చాలా బాధేసింది ఆ పేపరు చదువుతుంటే.

ఇక అత్త సంగతి.

సంక్రాంతికి ఊరెళ్లాను. మా పక్కింటి అత్త బట్టలు కుడుతుంది, పండగ ముందు కదా, మిషను మీద గుట్టలు గుట్టలుగా బట్టలున్నాయి. నా జాకెట్టుకి కొలత తీసుకుని ఛాతీ 35 అంది. కత్తిరించేటప్పుడు గుడ్డ నాలుగు మడతలు వేస్తారు కాబట్టి 35లో నాలుగో వంతు కావాలి, దానికి కుట్టుకీ వదులుకీ కొంచెం కలుపుకుంటారు. అత్త టేపు కొస తీసుకెళ్లి 35 అంకెకి ఆనించి ఒక మడత వేసింది, దాన్ని మళ్లీ ఇంకో మడత వేసింది, మడత దగ్గర వేలితో నొక్కి చూసి "ఎనిమిదీ ముప్పావు" అనుకుంటూ సుద్దముక్కతో గీత పెట్టేసింది. మొత్తం ఐదు సెకన్లు పట్టిందేమో. నేను ఎన్నిసార్లు చూశానో చిన్నప్పటి నుంచి, ఎప్పుడూ పట్టించుకోలేదు.

"అత్తా, 35ని నాలుగుతో భాగిస్తే ఎంత?" అన్నాను.

"నాకు లెక్కలు రావమ్మా. ఏడో తరగతి లెక్కల్లోనే కదా పోయింది" అంది, సుద్ద పక్కన పెట్టకుండానే.

సంచీలోంచి 3/4 ఉన్న గీత కాగితం తీసి ఇచ్చాను. తీసుకోలేదు. "ఇవన్నీ నన్నడగొద్దు" అంది, గొంతు మారిపోయింది, నేనెందుకు అడిగానా అనిపించింది. కాసేపాగి, అంకె కనపడకుండా పైన మడతపెట్టి, "ఇది ఒక మీటరు గుడ్డనుకో అత్తా, ముప్పావు ఎక్కడికొస్తుంది?" అన్నాను. ఆ కాగితం మీద వంగి కూడా చూడలేదు, సుద్దతోనే టక్కున గుర్తు పెట్టింది. ఇంటికొచ్చి కొలిస్తే 15 సెంటీమీటర్లకి రెండు మిల్లీమీటర్లు అటు. మా కాలేజీ వాళ్లు కూడా కొందరు అంత దగ్గరగా పెట్టలేదు.

అప్పుడు మడత విప్పి, ఇప్పుడు నువ్వు పెట్టింది దీనికే అత్తా, దీన్నే ముప్పావంటారు అని చూపించాను. చాలాసేపు చూసింది. "ముప్పావంటే మూడు పావులు. మూడు ఉంది సరే. మరి పావు ఏదీ?" అంది.

నేను నాలుగు మీద వేలు పెట్టాను. "ఇదే పావు."

"నాలుగు అని రాసి పావు అనుకోవాలా?" అంది ఆశ్చర్యంగా.

ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. కింద ఉన్నది ఒక సంఖ్యలా చదవాల్సింది కాదు, అది ముక్క పేరు. పైన ఉన్నది ఆ ముక్కలు ఎన్ని అని. మూడు కిలోలు, మూడు మూరలు అన్నట్టే మూడు పావులు. "రెండు సంఖ్యలు కదా" అన్న పాపకి ఎవరూ చెప్పనిది ఇదే, బడి వదిలేసి ఇన్నేళ్లయిన అత్త దాన్నే వెతికి "పావు ఏదీ" అని అడిగింది.

ఇలాంటి అత్తలు ప్రపంచమంతా ఉన్నారు. బ్రెజిల్‌లోని రెసిఫేలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద టెరెజిన్హా నూన్స్ వాళ్లు 1985లో రాసిన పేపరులో, కొబ్బరికాయలమ్మే పన్నెండేళ్ల పిల్లాణ్ని ఒక్కోటి 35 అయితే పది ఎంత అని అడుగుతారు. మూడు కాయలు 105, ఇంకో మూడు 210, ఇంకా నాలుగు కావాలి అనుకుంటూ 315 మీదుగా 350కి వస్తాడు. పక్కన సున్నా పెట్టడం అనే బడి కిటుకు వాడికి అవసరం రాలేదు. అంగడి దగ్గర ఆ పిల్లలు 98 శాతం సరిగ్గా చెప్పారు, అవే లెక్కలు కాగితం మీద బడిలోలా ఇస్తే 37 శాతం. మన దేశంలోనే కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1400 మందికి పైగా పిల్లలతో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు చేసిన అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. బేరంలో నోటితో చకచకా చెప్పే పిల్లలు బడి లెక్కల దగ్గర తడబడ్డారు, బజారులో పనిచేయని బడిపిల్లలు బజారు లెక్కల దగ్గర తడబడ్డారు. ఈ రెండో సగాన్ని మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు, నాకు మాత్రం మా హాస్టల్ స్నేహితురాలే గుర్తొచ్చింది.

నా ప్రాజెక్టు చిన్నది. పాతిక మంది పిల్లలతో, ఒక అత్తతో ఏదీ రుజువు కాదు, రిపోర్టులో కూడా అలాగే రాశాను. కానీ దీనివల్ల తర్వాత ఏం అడగాలో తెలిసింది. మన తెలుగులో 3/4ని నాలుగింట మూడు వంతులు అంటాం. ముందు ఎన్ని ముక్కలు చేశామో చెప్పి, ఆ తర్వాత అందులో ఎన్ని తీసుకున్నామో చెప్తాం, మాటలోనే మొత్తం పని ఉంది. కొరియన్ భాషలో కూడా ఇలాగే చెప్తారట. 2003లో పైక్, మిక్స్ అనే పరిశోధకులు అమెరికా పిల్లలకి భిన్నాల పేర్లు మామూలు ఇంగ్లీషులో కాకుండా ఆ కొరియన్ తీరులో విడమరిచి చెప్తే, వాళ్లు బొమ్మల్ని మెరుగ్గా గుర్తుపట్టారు. మరి మనం చేతిలో ఉన్న మాటని వదిలేసి తరగతిలో త్రీ బై ఫోర్ అంటున్నాం. తెలుగు మీడియంలో కూడా మూడు బై నాలుగే వినపడింది నాకు. అందులో రెండు అంకెలూ ఒక బై తప్ప ఇంకేముంది?

అందుకే ఈసారి ఒకే గీతని రెండు గుంపుల పిల్లలకి ఇవ్వాలనుకుంటున్నాను, ఒక గుంపుకి త్రీ బై ఫోర్ అని చదివి, ఇంకో గుంపుకి నాలుగింట మూడు వంతులు అని చదివి. మేడమ్ ఒప్పుకున్నారు, కానీ ఒక చిక్కు ఉందన్నారు. ఇప్పటి పిల్లలు ఇళ్లల్లో ఆ మాట అసలు వింటున్నారా? పావు, అర, ముప్పావు వింటారు, ఆ తర్వాత? ఐదింట రెండు వంతులు అని అమ్మమ్మలు అంటారా, లేక అది పాఠ్యపుస్తకంలోనే మిగిలిందా? మా ఇంట్లో అడిగితే అమ్మ "ఐదు భాగాల్లో రెండు" అంది, తాతయ్య పొలం పంపకం లెక్క మొదలుపెట్టాడు. మీ ఇళ్లల్లో పెద్దవాళ్లని అడిగి చూడండి, 2/5ని అంకెల్లో రాసి చూపించకుండా, ఐదుగురి వాటాలో ఇద్దరి వాటాని ఏమంటారో. ఏ జిల్లా వాళ్లో కూడా చెప్పండి, ప్రశ్నలు అచ్చు వేయించేలోపు ఏ మాట వాడాలో తేల్చుకోవాలి.