సార్ పాఠం చెప్పడం లేదట!

తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. పోయిన సెమిస్టర్‌లో మెకానిక్స్ పేపర్‌ని ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ పద్ధతిలో నడిపాను. పాఠం పిల్లలు ఇంటి దగ్గరే వీడియోలో చూసి వస్తారు, క్లాసులో ప్రశ్నలు, లెక్కలు, వాదనలు ఉంటాయి. అమెరికాలోని కొలరాడోలో బెర్గ్‌మన్, శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు 2007 ప్రాంతంలో క్లాసు తప్పిపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. ఈ పద్ధతి జనంలోకి రావడానికి వాళ్లే ముఖ్య కారణం. నాకు దారి చూపించింది మాత్రం హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్. కష్టమైన లెక్కలు చకచకా చేసే తన విద్యార్థులే న్యూటన్ సూత్రాల మీద మామూలు ప్రశ్న అడిగితే తడబడుతున్నారని 1990ల మొదట్లో ఆయన గమనించారు. మన పిల్లల సంగతీ అంతే. ఫార్ములా నిద్రలో లేపి అడిగినా చెప్తారు, ఎందుకు అంటే బల్ల వైపు చూస్తారు.

వీడియోల కోసం ముందు ఎన్‌పీటెల్ (ఐఐటీల వాళ్ల ఉచిత ఆన్‌లైన్ పాఠాలు) చూశాను. పాఠాలు బాగుంటాయి. కానీ అవి పొడుగు, పైగా ఇంగ్లీషు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు వాటిని చివరిదాకా చూడరు. అందుకే నేనే తీశాను. పుస్తకాల దొంతర మీద కెమెరా కిందికి చూసేలా ఫోను పెట్టి, కింద తెల్ల కాగితం, స్కెచ్ పెన్ను. ఫ్యాను వేస్తే గొంతు వినపడదు, ఆపితే మన తిరుపతి ఉక్కకి చెమట కాగితం మీద పడుతుంది. ఒక్కో వీడియోకి ఒక్కటే విషయం, ఎనిమిది నిమిషాలు మించకుండా, సగం తెలుగు సగం ఇంగ్లీషు. సైజు తగ్గించి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి, ఎందుకంటే రోజువారీ డేటా సాయంత్రానికల్లా రీల్స్‌కి అయిపోతుంది. పాకాల వైపు నుంచి వచ్చే పిల్లలు రైల్లో చూసేవాళ్లు. ఫోను పెట్టుకోనివ్వని హాస్టల్ పిల్లలకి అవే కాగితాలు జిరాక్స్ తీసి ఇచ్చాను.

చూశారో లేదో తెలిసేదెలా? క్లాసు మొదట్లో అర కాగితం మీద అర్థం కానిది ఒకటి రాయమన్నాను. ‘అన్నీ అర్థమయ్యాయి సార్’ అని రాసినవాడు వీడియో ముట్టలేదని లెక్క. తర్వాత ప్రశ్న మార్చాను: వీడియోలో నేను గీసిన బొమ్మలో బాణం ఎటు ఉంది, ఎందుకు? చూడనివాళ్లని చివరి బెంచీలో కూర్చోబెట్టి అక్కడే ఇయర్‌ఫోన్స్‌తో చూడమనేవాణ్ణి. వాళ్ల కోసం పాఠం మళ్లీ చెప్పలేదు. ఒక్కసారి చెప్తే మరుసటి రోజు నుంచి ఎవరూ చూసి రారు.

అసలు పని మజూర్ పద్ధతిలో జరిగింది. ప్రశ్న వేయాలి, ఎవరికి వాళ్లు జవాబు ఎంచుకోవాలి. సరైన జవాబు సుమారు 30 నుంచి 70 శాతం మందికి వస్తే పక్కవాళ్లతో వాదించుకోమని వదిలేసి, మళ్లీ ఓటు వేయించాలి. దీనికి వాడే క్లిక్కర్లు (జవాబు నొక్కే చిన్న రిమోట్‌లు) మనకెక్కడివి? వేళ్లు చాలు. ఎ అయితే ఒక వేలు, బి అయితే రెండు. చెయ్యి గుండెకు ఆనించి అందరూ ఒకేసారి చూపించాలి. లేకపోతే టాపర్ వేళ్లు చూసి అందరి వేళ్లూ మారిపోతాయి.

ఒక ప్రశ్న చెప్తాను. తిరుమల ఘాట్ రోడ్డు మలుపులో బస్సు ఒకే స్పీడుతో తిరుగుతోంది. దానికి త్వరణం ఉందా, ఉంటే ఎటువైపు? సగానికి పైగా ‘లేదు’ అన్నారు. మిగతావాళ్లలో ఎక్కువమంది ‘మలుపు లోపలి వైపు’ అన్నారు. మాట్లాడుకోమన్నాను.

“స్పీడోమీటర్ ముల్లు కదల్లేదు గదా, ఇంక త్వరణం యాడిది?” అన్నాడొకడు.

“మరి మలుపులో పక్కకి ఎందుకు ఒరుగుతాం?” అని ముందు వరసలోని అమ్మాయి.

“డ్రైవర్ బ్రేకు వేస్తాడు.”

“బ్రేకు వేస్తే ముందుకు పడతాం, పక్కకి కాదు.”

నేను నోరు కట్టుకుని నిలబడ్డాను. మాస్టారికి అదే అన్నిటికంటే కష్టమైన పని. రెండో ఓటులో ‘లేదు’ దాదాపు మాయమైంది, కానీ కొత్త తగాదా మొదలైంది: మనం బయటి వైపు ఒరుగుతాం కాబట్టి త్వరణం కూడా బయటికే అని. అప్పుడు బోర్డు దగ్గరికి వెళ్లాను. స్పీడు మారకపోయినా దిశ మారితే అదీ త్వరణమే, అది లోపలి వైపే అన్నాను. ఒళ్లు తిన్నగా పోవాలనుకుంటుంది, బస్సు లోపలికి తిరుగుతుంది, అందుకే మనకి బయటికి తోసినట్టు ఉంటుందని బొమ్మ గీసి చెప్పాను. ఆ పది నిమిషాలు విన్నంత శ్రద్ధగా వాళ్లు ఏ లెక్చరూ వినలేదు. తగువు తేలాలి కదా!

ఈలోగా ఫిర్యాదు వెళ్లింది. “సార్ పాఠం చెప్పడం లేదంట, పిల్లోళ్లనే చెప్పుకోమంటున్నాడంట” అని ఒక తండ్రి ఫోను చేశారు. ప్రిన్సిపాల్ గారు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. గోల ఎక్కువగా ఉందన్నారు, ఆపమనలేదు. పిల్లలకే అలా అనిపించడంలో వింత లేదు. హార్వర్డ్‌లో చేసిన పరిశోధన ఒకటి 2019లో వచ్చింది: చురుగ్గా పాల్గొన్న తరగతిలో విద్యార్థులకి మార్కులు ఎక్కువ వచ్చాయి, తాము నేర్చుకున్నది మాత్రం తక్కువేనని వాళ్లు అనుకున్నారు. సాఫీగా సాగే లెక్చర్ వింటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది మరి. 2014లో 225 అధ్యయనాలను కలిపి చూసిన ఇంకో పరిశోధనలో లెక్చర్ క్లాసుల్లో దాదాపు 34 శాతం ఫెయిలైతే, ఇలాంటి క్లాసుల్లో 22 శాతం. ఈ రెండూ బోర్డు మీద రాసి పిల్లలకి చెప్పాక గొణుగుడు తగ్గింది. కొత్త బ్యాచ్‌కి మొదటి రోజే చెప్పేస్తాను.

పరీక్ష పేపర్ మాత్రం మారదు. డిరైవ్ చేయమనే, అంటే సూత్రం ఎలా వచ్చిందో మెట్టుమెట్టుగా రాయమనే అడుగుతుంది. ఘాట్ రోడ్డు మీద ఎంత వాదించినా అక్కడ మార్కు పడదు. అందుకే శుక్రవారం క్లాసు పూర్తిగా డిరివేషన్లు రాయడానికే ఉంచాను. పెన్ను, కాగితం, నిశ్శబ్దం. టెన్షన్ పడే పిల్లలకి అది ధైర్యం ఇచ్చింది. మార్కులు ఆకాశానికి ఎగరలేదు. ల్యాబ్‌లో మాత్రం రీడింగ్ తప్పు వస్తే కొట్టేసి పక్కవాడిది చూసి రాయడం తగ్గింది, ఎందుకు తప్పొచ్చిందని అడుగుతున్నారు.

ఈ సెమిస్టర్ థర్మోడైనమిక్స్. వేడికీ ఉష్ణోగ్రతకీ తేడా, ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు వందకి పైన మరగడం లాంటివన్నీ వీడియోకి, ఓటుకి. శక్తి ఎంత చెదిరిపోయిందో చెప్పే ఎంట్రొపీ మాత్రం బోర్డు మీద నేనే చెప్తాను.