నెత్తురు వేగిస అడవి: తయారీ చిట్టా, 5వ వారం దాకా

60×45 సెంటీమీటర్ల పలక మీద దెయ్యాల అడవి నమూనా. బల్ల మీద ఆడే ఆటకు, 28 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలకు సరిపోయే కొలత. కథ చిన్నదే: ఈ అడవి దుంగతో గడప పెడితే దొంగ దాటలేడు, తెడ్డు చెక్కితే నాగావళి వరదలోనూ పడవ బోల్తా పడదు. అందుకే కలప కోసం మనుషులు లోపలికి వెళ్తూనే ఉంటారు. సగంమంది తిరిగి రారు.

పుర్రెలు, గబ్బిలాలు, సాలెగూళ్లు ఒక్కటీ పెట్టడం లేదు. వేగిస చెట్టుకు అవి అక్కర్లేదు. తూర్పు కనుమల్లో పెరిగే పెద్ద వేగిస మీద గొడ్డలి పడితే ఎర్రటి జిగురు కారుతుంది, ఆరేకొద్దీ నల్లెరుపు తిరుగుతుంది. చేవ ముక్క నానిన నీళ్లు వెలుతురులో నీలి ఛాయ కొడతాయి. ఈ రెండింటినీ కాస్త పెంచి చూపిస్తే చాలు, భయం దానంతటదే వస్తుంది. ఎర్రచందనం దీని దాయాదే గాని అది శేషాచలం సరుకు. విజయనగరంలో కట్టే అడవికి వేగిసే సబబు.

1వ వారం: నేల

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద 25 మిల్లీమీటర్ల థర్మాకోల్ రెండు పొరలు. అతికించడానికి తెల్ల జిగురే వాడాలి. రబ్బరు సొల్యూషన్ గాని, స్ప్రే రంగు గాని తగిలితే థర్మాకోల్ కరిగి గుంటలు పడుతుంది. తెల్ల జిగురు మధ్యలో ఆరడానికి గాలి అందదు కాబట్టి పొరలకు అక్కడక్కడా సూదితో బెజ్జాలు పొడిచి, మీద బరువు పెట్టి 2 రోజులు వదిలేయాలి. గెడ్డ (చిన్న వాగు) కోసం 4 సెంటీమీటర్ల వెడల్పున కాలువ తవ్వి, లోపల జిగురు రెండు పూతలు వేశాం.

2, 3 వారాలు: చెట్లు

11 చెట్లు, ఒక్కోటి 22 సెంటీమీటర్లు. ఈ కొలతలో నిజమైన పెద్ద వేగిస అర మీటరు దాకా వస్తుంది, అంత ఎత్తు పెడితే కొమ్మల కింద చెయ్యి ఆడదు. మోటార్లు రీవైండింగ్ చేసే షాపుల్లో 22 గేజ్ రాగి తీగ తూకానికి దొరుకుతుంది. చెట్టుకు 34 సెంటీమీటర్ల తీగలు 36. మొత్తం 135 మీటర్లు, తూకం 480 గ్రాములు. వృథా కలుపుకుని అరకిలో తెచ్చుకుంటే సరిపోతుంది.

కింద 6 సెంటీమీటర్లు వేర్లకు వదిలి, ఆ పైన 9 సెంటీమీటర్లు మానుగా మెలిపెట్టాలి. వేర్లు ఆరు కట్టలు, కట్టకు ఆరు తీగలు. పైన మూడు పెద్ద కొమ్మలు, కొమ్మకు 12. ప్రతి 12నీ ఆరు ఆరుగా, ఆరుని మూడు మూడుగా చీల్చి, చివర ఒంటి తీగలు వదలాలి. చీల్చిన ప్రతిచోటా రెండు చుట్లే తిప్పాలి. నాలుగు తిప్పితే కొమ్మ నూతి చేంతాడులా కనపడుతుంది, మీద ఎంత బెరడు పూసినా ఆ మెలిక దాగదు.

బెరడుకి కోత మిల్లు రంపపు పొట్టు టీ వడగట్టే జల్లెడలో పట్టినది 3 పాళ్లు, తెల్ల జిగురు 2 పాళ్లు, గోడ పుట్టీ 1 పాలు. తీగ మీద వార్నిష్ ఉంటుంది కాబట్టి ముందు గరుకు కాగితంతో గీకాలి, లేకపోతే బెరడు గొట్టంలా ఊడి చేతికొస్తుంది. మొదటి చెట్టు అలాగే ఊడింది. పూత 1 మిల్లీమీటరు మించకూడదు. సగం ఆరాక దువ్వెన పళ్లతో పైనుంచి కిందికి గీతలు లాగితే వేగిస బెరడు పగుళ్లు వస్తాయి. కొమ్మలు వంచేది ఏదైనా ఉంటే బెరడు పూయక ముందే. ఆరాక వంచితే వంపు దగ్గర పెళ్లలు రాలతాయి.

ఆకులకు ఉద్దానం కొబ్బరి పీచు విడదీసి కొమ్మలకు పలచగా చుట్టి, రంగు వేసిన పొట్టు చల్లాం. నేల మీద ఎండుటాకులకు వాడేసిన టీ పొడి. వానాకాలం మన వైపు గాలిలో తడికి ఎండలో పెట్టినా టీ పొడి లోపల తేమ మిగులుతుంది, పది రోజులకు తెల్ల బూజు పడుతుంది. పెనం మీద సన్నటి సెగన, చేతికి గలగలమనేదాకా వేయించాకే చల్లాలి.

4వ వారం: నెత్తురు, దుంగలు

అసలు పని ఇది: గొడ్డలి గాట్ల నుంచి కారే ఎర్ర జిగురు. తెల్ల జిగురులో ఎరుపు కలిపితే తడిగా ఉన్నప్పుడు గులాబీ రంగులో ఉంటుంది, ఆరాక ఎరుపు తేలినా చెమ్మ రోజుల్లో పాలిపోతుంది. రెండు గొట్టాల పారదర్శక ఎపాక్సీ మేలు. బఠాణీ గింజంత ఎపాక్సీకి అగ్గిపుల్ల తలంత ఎరుపు ఆయిల్ రంగు, అంతకంటే ఎక్కువైతే గట్టిపడదు. కలిపిన వెంటనే పూస్తే నీళ్లలా జారి వేర్ల దగ్గర మడుగు కడుతుంది. పుల్లతో ఎత్తితే తీగ సాగే దాకా ఆగి, గాటు పై అంచున ఒక్క చుక్క ఆనించాలి. అది మెల్లగా కిందికి దిగి, చివర చిన్న పూసలా నిలుస్తుంది. ఆ పూస దగ్గరే చూపు ఆగిపోతుంది. తాజా గాట్లకు శుద్ధ ఎరుపు, పాతవాటికి కొంచెం నలుపు, గోధుమ కలపాలి. అన్నీ ఒకే ఎరుపైతే మాంసం కొట్టులా ఉంటుంది.

దుంగలకు సరుగుడు పుల్లలు. తెగిన మొహం మీద చేవ బంగారు గోధుమ రంగు, చుట్టూ తెల్లచెక్క సన్నటి వలయం. చేవకి పసుపు వాడాం, అది తప్పు. పసుపు ఎండకు వెలిసిపోతుందని తెలిసిందే, అతినీల (యూవీ) కాంతి పడితే ఆకుపచ్చగా మెరుస్తుందని 5వ వారం గెడ్డ దీపం వెలిగించాకే గుర్తొచ్చింది. గీకేసి, చిక్కటి టీ డికాక్షన్ మూడు పూతలు వేశాం.

5వ వారం: గెడ్డలో నీలి వెలుగు

గెడ్డ నీళ్లకు ఎపాక్సీ రెజిన్, అతినీల కాంతి పడితే నీలంగా మెరిసే ఫ్లోరసెంట్ పొడి. పొర 3 మిల్లీమీటర్లు మించకూడదు, ఈ కాలువకు ఒక పొరకి సుమారు 55 గ్రాములు. మందంగా పోస్తే వేడెక్కి కింద థర్మాకోల్ కుంగిపోతుంది. పొడి అడుక్కి దిగకుండా రెజిన్ కాస్త చిక్కబడ్డాక కలపాలి. ముసురు పట్టిన రోజు పోస్తే పైన జిడ్డు తెర కడుతుంది. తెర కట్టిన మొదటి పొరని గోరువెచ్చని నీళ్లతో తుడిచి, ఆరాక గరుకు కాగితం పట్టి, మీద రెండోది పోయాల్సి వచ్చింది.

ఒడ్డు మీద మాను చాటున నాలుగు అతినీల ఎల్ఈడీలు. 5 వోల్టుల ఛార్జర్, ఒక్కో ఎల్ఈడీకి విడిగా 100 ఓమ్‌ల రెసిస్టర్. నాలుగింటికీ కలిపి ఒకటే పెడితే కరెంటు సమంగా పంచుకోవు, ఒకటి మండిపోతుంది, మిగతావి మసకబారతాయి. ఎల్ఈడీలు నీళ్ల వైపే చూడాలి, ఆడేవాళ్ల కళ్లలోకి కాదు.

ఇక్కడో వింత. దీపం వేయగానే గెడ్డతో పాటు ఒడ్డంతా నీలంగా వెలిగింది. గట్లకు వాడిన గుజ్జు తెల్ల ప్రింటింగ్ కాగితంది. అందులో తెలుపు కోసం కలిపే రసాయనం అతినీల కాంతికి మెరుస్తుంది. పాత దినపత్రికల గుజ్జుతో గట్లు మళ్లీ కట్టాక గెడ్డ ఒక్కటే మిగిలింది.

మిగిలినవి: మూడు చెట్లకు ఆకులు, కలప దొంగల ఎడ్లబండి, లోపలి గుట్ట మీద కొరివి దెయ్యం. దానికి నారింజ ఎల్ఈడీ, 220 ఓమ్‌లు, మినుకుమనే రకం. గెడ్డ వెలుగుని మింగకుండా దాన్ని గెడ్డ నుంచి కనీసం 20 సెంటీమీటర్లు ఎడంగా పెట్టాలి.