గ్యాంగ్‌వే

మొదటిసారి ఓడ ఎక్కిన రోజు తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఎక్కే దారే. రేవు గట్టు మీద ఆనిన చివర చిన్న చక్రాలున్నాయి. ఓడ కాస్త కదిలినప్పుడల్లా అవి కాంక్రీటు మీద ముందుకీ వెనక్కీ దొర్లుతున్నాయి. కింద వల కట్టి ఉంది. రెయిలింగ్ పట్టుకుని టెన్షన్‌గానే ఎక్కాను.

దాన్ని గ్యాంగ్‌వే అంటారు. గ్యాంగ్ అనగానే మనకి రౌడీ మూక గుర్తొస్తుంది కదా! కానీ పాత ఇంగ్లీషులో ఆ మాటకి అర్థం నడక, వెళ్లడం. కలిసి వెళ్లేవాళ్లన్న అర్థంలో గుంపుకి ఆ పేరు తర్వాత వచ్చింది. ఎంత చక్కటి మాటో అనిపించింది. ఒట్టి చెక్కపలక వేస్తే అది గ్యాంగ్‌ప్లాంక్. గ్యాంగ్‌వే అంటే వంతెన ఒక్కటే కాదు, మనుషులు ఎక్కి దిగడానికి ఓడ పక్కగోడలో వదిలిన ఖాళీ కూడా. బ్రిటన్‌లో థియేటర్ సీట్ల మధ్య దారినీ ఇలాగే అంటారు.

అదే మాటని కేకేస్తే "తప్పుకోండి, దారివ్వండి" అని అర్థం. నేను సగంలో ఆగి కిందికి చూస్తుంటే వెనక నుంచి "గ్యాంగ్‌వే!" అని వినిపించింది. పక్కకి ఒదిగాను. భుజాన పెట్టెతో ఒకాయన చకచకా పైకి వెళ్లిపోయాడు.