పనిలో తమ్ముడికి డిగ్రీ దారి చెప్పాలంటే

ఇంటర్ దగ్గరో, డిగ్రీ మధ్యలోనో చదువాపేసి పనిలో చేరిన పిల్లలు ప్రతి ఆఫీసులోనూ, ప్రతి షాపులోనూ, ప్రతి గోడౌన్‌లోనూ ఉంటారు. "డిగ్రీ చెయ్యరా, పనికొస్తుంది" అని వాళ్లకు అందరూ చెప్తారు. ఎలా చెయ్యాలో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాళ్లే తక్కువ. ఇంట్లో అంతకుముందు ఎవరూ కాలేజీకి వెళ్లకపోతే, క్రెడిట్ అంటే ఏమిటి, రీ-రిజిస్ట్రేషన్ ఎప్పుడు, ప్రొవిజనల్‌కీ ఒరిజినల్‌కీ తేడా ఏమిటి అని అడగడానికి కూడా మనిషి ఉండడు. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చదివేవాళ్ల డిగ్రీ తెలివి చాలక ఆగడం చాలా అరుదు. గడువు తెలియక, కాగితం సరిగ్గా లేక, సెలవు దొరక్క ఆగుతుంది. ఈ మూడింట్లోనూ పక్క సీట్లో ఉన్న అన్నో అక్కో చెయ్యగలిగిన సాయం చాలా ఉంది. తమ్ముడు అని రాస్తున్నాను గానీ, చెల్లెళ్లకూ ఇదే లెక్క.

మొదట అడగాల్సింది ఏ డిగ్రీ కావాలని కాదు, చదువు ఎక్కడ ఆగిందని. చాలామంది సిగ్గుపడి "ఇంటర్ అయిందన్నా" అని సరిపెడతారు. నెమ్మదిగా అడిగితే డిగ్రీలో చేరి మూడు సెమిస్టర్లు రాశానని, నాలుగు సప్లీలు ఉన్నాయని బయటపడుతుంది. అలాంటప్పుడు కొత్తగా ఎక్కడా చేర్పించకండి. మూడేళ్ల డిగ్రీని ఇన్నేళ్లలోగా పూర్తి చెయ్యాలని ప్రతి యూనివర్సిటీకీ ఒక గరిష్ట గడువు ఉంటుంది. అది దాటకపోతే మిగిలిన పేపర్లకు ఫీజు కట్టి రాస్తే చాలు. దాటినా, పాత బ్యాచ్‌లకు ఒక్కసారి అవకాశమంటూ యూనివర్సిటీలు అప్పుడప్పుడు నోటిఫికేషన్ ఇస్తుంటాయి. పాత హాల్‌టికెట్ నంబరు పట్టుకుని పరీక్షల విభాగంలో ఒక్కసారి కనుక్కుంటే రెండేళ్ల కష్టం మిగలొచ్చు.

ఇంటరే పూర్తి కాకపోతే ముందు అది పూర్తి చేయించాలి. ఒకటి రెండు సబ్జెక్టులే మిగిలితే ఇంటర్ బోర్డు సప్లిమెంటరీ రాయడం సులువు. అసలు చేరనివాళ్లకు ఓపెన్ స్కూళ్లు, అంటే తెలంగాణలో టాస్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఓఎస్ఎస్, దేశవ్యాప్తంగా ఎన్ఐఓఎస్, ఓపెన్ ఇంటర్ పెడతాయి. వేరే బోర్డులో పాసైన రెండు సబ్జెక్టుల మార్కులను షరతులకు లోబడి ఎన్ఐఓఎస్‌కు బదిలీ చేసుకునే వీలు కూడా ఉంది. ఒకప్పుడు ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి ఓపెన్ డిగ్రీలో చేరే దారి ఉండేది. ఆ కాలం మాటలు విని ఇంటర్ వదిలెయ్యవద్దు. ఉద్యోగాల్లోనూ పై చదువుల్లోనూ పది, ఇంటర్, డిగ్రీ వరుసగా ఉండాలని పట్టుబట్టేవాళ్లు ఎక్కువ.

ఆ తర్వాత, డిగ్రీతో ఏం చెయ్యాలనుకుంటున్నాడో అడగండి. గ్రూప్స్, బ్యాంకు, ఎస్సై పరీక్షలు రాయాలంటే ఏ డిగ్రీ అయినా చాలు. అందుకు బీఏలో చరిత్ర, రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం, ప్రభుత్వ పాలన లాంటివి తీసుకుంటే ఆ చదువే పోటీ పరీక్షకూ పనికొస్తుంది. అకౌంట్స్‌లో పైకి వెళ్లాలంటే బీకాం. బీఎస్సీ మాత్రం ఆలోచించి చేరాలి. ప్రాక్టికల్స్‌కు మనిషి ల్యాబ్‌కు వెళ్లక తప్పదు, షిఫ్టులో ఉన్నవాళ్లకు అక్కడే దెబ్బ పడుతుంది. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా దూరవిద్యలో ఉండవు. ఉన్నాయని ఎవరైనా చెప్తే అక్కడితో మాట ఆపెయ్యండి. దూరవిద్యలో ఇంజినీరింగ్ చెల్లదని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. డిప్లొమా చేసి పనిలో ఉన్నవాళ్లకు బీటెక్ కావాలంటే, ఉద్యోగుల కోసం సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ అనుమతితో కొన్ని కాలేజీలు నడిపే బ్యాచ్‌లు ఉన్నాయి. అవి క్లాసులకు వెళ్లి చదివేవే.

మనవాళ్లకు ముందుగా గుర్తుకు రావాల్సిన పేరు హైదరాబాద్‌లోని డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పేరుతో పుట్టింది, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇదే. దాని అసలు బలం తెలుగు మీడియం. పుస్తకాలు తెలుగులో ఉంటాయి, పరీక్ష తెలుగులో రాయొచ్చు, స్టడీ సెంటర్లు చాలావరకు ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లోనే ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు ఆ ఏటి నోటిఫికేషన్‌లో తమ ఊరి సెంటర్ ఉందో లేదో చూసుకునే ముందుకెళ్లాలి. ఆంధ్రా, నాగార్జున, శ్రీవెంకటేశ్వర, ఉస్మానియా, కాకతీయ యూనివర్సిటీల దూరవిద్యా కేంద్రాలు కూడా తెలుగువాళ్లకు బాగా పరిచయమే.

రెండో పెద్ద పేరు ఇగ్నో, అంటే ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో పార్లమెంటు చట్టంతో వచ్చిన కేంద్ర విశ్వవిద్యాలయం. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. జనవరి, జులై సెషన్లలో ఏడాదికి రెండుసార్లు చేరొచ్చు. ఉద్యోగం బెంగళూరుకో పుణెకో మారినా స్టడీ సెంటర్ మార్చుకుని చదువు కొనసాగించవచ్చు. పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషు, హిందీల్లో ఉంటాయి. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషులో పేజీ రాయడానికి ఇబ్బంది పడే పిల్లవాణ్ణి పెద్ద పేరు చూసి ఇగ్నోలో చేర్పించడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. మొదటి సెషన్‌లోనే నాలుగు పేపర్లు పోయి, నాకు చదువు రాదన్న నమ్మకం మళ్లీ గట్టిపడుతుంది.

యూనివర్సిటీ ఏదైనా, డబ్బు కట్టేముందు యూజీసీ (యూనివర్సిటీలను నియంత్రించే కేంద్ర సంస్థ) దూరవిద్యా విభాగం, అంటే డెబ్, వెబ్‌సైట్ తెరిచి చూడాలి. యూనివర్సిటీ పేరుంటే సరిపోదు. ఆ కోర్సు పేరు, ఆ విద్యా సంవత్సరం, ఆ సెషన్ మూడూ అనుమతి జాబితాలో ఉండాలి. అనుమతి కోర్సుకూ ఏడాదికీ కట్టి ఉంటుంది కాబట్టి నిరుడు ఉన్నది ఈ ఏడు ఉండకపోవచ్చు. 2025లో మనస్తత్వ శాస్త్రం, పోషకాహారం, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ లాంటివి దూరవిద్యలో నడపవద్దని యూజీసీ ఆపేసింది. జాబితాలో ఉన్న డిగ్రీ విలువ గురించి మాత్రం భయం అక్కర్లేదు. గుర్తింపు ఉన్న దూరవిద్యా డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టంగా ప్రకటించింది.

"ఏడాదిలో డిగ్రీ", "పాత తేదీతో సర్టిఫికెట్", "ఒక్క సిట్టింగ్‌లో మూడేళ్లు" అనే బోర్డులు కోచింగ్ సెంటర్ల గోడల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. ఎక్కడో ఉత్తరాది యూనివర్సిటీ స్టడీ సెంటర్ మన సందులో ఉందంటే అనుమానించాల్సిందే. రాష్ట్ర యూనివర్సిటీలు దూరవిద్యను తమ పరిధి దాటి నడపకూడదు. అలా కొన్న కాగితం అప్పటికి పని జరిపించినా, కంపెనీ యూనివర్సిటీకి రాసి సరిచూసుకున్న రోజున ఉద్యోగమే పోతుంది. గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లకు అటెస్టేషన్, అంటే సర్టిఫికెట్ అసలుదేనని అధికారులు ధ్రువీకరించే చోటే ఆగిపోతుంది.

ఇక కాగితాలు. ఇప్పుడు దూరవిద్యలో చేరాలంటే డెబ్ ఐడీ కావాలి, దానికి ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఐడీ కావాలి, దానికి ఆధార్ కావాలి. కాబట్టి అప్లికేషన్ తెరవకముందే పదో తరగతి మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి చదవండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది. పుట్టినరోజు తెలియక ఏడాది మాత్రమే చెప్పి ఆధార్ తీయించుకున్నవాళ్లకు జనవరి 1 అని పడి ఉంటుంది. పదో తరగతి మెమోనే ప్రమాణంగా పెట్టుకుని ఆధార్‌ను దానికి సరిచేయించాలి. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోవచ్చు. అందుకే తొందరపడి తప్పుగా మార్పించవద్దు. అడ్మిషన్ గడువుకు నెలన్నర ముందే ఈ పని మొదలుపెడితే మంచిది. ఫీజు బకాయి ఉందని పాత కాలేజీ మెమో ఇవ్వకపోతే, డిజీలాకర్‌లో దొరుకుతుందేమో చూసి, లేకపోతే బోర్డుకు డూప్లికేట్ కోసం దరఖాస్తు పెట్టించండి.

అప్లికేషన్ నెట్ సెంటర్‌లో నింపిస్తే తప్పకుండా చూడాల్సింది ఒకటుంది. సెంటరువాళ్లు తొందరలో తమ ఫోన్ నంబరు, తమ ఈమెయిల్ పెట్టేస్తారు. ఆ తర్వాత ఓటీపీలు, పరీక్ష ఫీజు సమాచారం, హాల్‌టికెట్ సందేశాలు అన్నీ వాళ్లకే పోతాయి. మీ తమ్ముడి నంబరు, తనే తెరిచిన ఈమెయిల్ ఉండాలి. పాస్‌వర్డ్ నోటుబుక్‌లో రాసుకోవాలి. ఆ నంబరు మూడేళ్లపాటు మార్చవద్దని ముందే చెప్పండి. ఆఫర్ చూసి సిమ్ మార్చే వయసది.

చేరాక వచ్చేది గంటల లెక్క. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఏడాదికి 40 క్రెడిట్లంటే 1,200 గంటలు, వారానికి దాదాపు 23 గంటలు. పుస్తకం చదవడం, అసైన్‌మెంట్లు, క్లాసులు అన్నీ అందులోనే. రోజుకు పది గంటలు పనిచేసేవాడికి ఇది కుదరదు. రోజుకు గంటన్నర, సెలవు రోజున నాలుగు గంటలు, అంటే వారానికి 13 గంటలు నిజంగా కుదిరే లెక్క. అందుకే డిగ్రీని మూడేళ్లకే ముగించాలన్న పట్టుదల అవసరం లేదు. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల దాకా గడువుంది. ఈ మాట మొదటి రోజే చెప్తే సగం భయం పోతుంది. ఒక సెషన్‌కు నాలుగైదు పేపర్లు రాసి అన్నీ పాసవడం, ఎనిమిదికి ఫీజు కట్టి ఐదు తప్పడం కంటే ఎన్నో రెట్లు మేలు. కంపల్సరీ ఇంగ్లీషు పేపర్‌ను మాత్రం వెనక్కి నెట్టనివ్వకండి. చాలామందికి చివర్లో మిగిలిపోయే బ్యాక్‌లాగ్ అదే.

అసైన్‌మెంట్లను తేలిగ్గా తీసుకునే పిల్లలు నష్టపోతారు. ఇగ్నోలో సాధారణంగా వాటికి 30 శాతం, పరీక్షకు 70 శాతం వెయిటేజీ. అసైన్‌మెంట్‌లో నూటికి 80 వస్తే లెక్కలో 24, పరీక్షలో 40 వస్తే లెక్కలో 28, మొత్తం 52. పరీక్ష ఓ మాదిరిగా రాసినవాడిని కూడా అసైన్‌మెంట్ ఒడ్డున పడేస్తుంది. వాటిని చేత్తో రాయాలి. ఏ సెషన్ ప్రశ్నలు ఆ సెషన్‌కే చెల్లుతాయి కాబట్టి సీనియర్ దగ్గర తెచ్చుకున్న పాత జవాబులు పనికిరావు. జూన్ పరీక్షలకు మార్చి 31, డిసెంబరు పరీక్షలకు సెప్టెంబరు 30 మామూలు గడువులు. పొడిగిస్తారన్న ధీమాతో ఉండకూడదు. ఇచ్చాక రసీదు తీసుకుని ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టుకోమనండి. గ్రేడ్ కార్డులో మార్కు ఎక్కకపోతే మళ్లీ అడగడానికి ఉండే ఆధారం అదొక్కటే. పుస్తకాలు ఇంటికి రావడం ఆలస్యమైతే ఇగ్నో వెబ్‌సైట్ ఈ-జ్ఞాన్‌కోశ్‌లో అవే పాఠాలు ఉచితంగా దొరుకుతాయి.

అందరూ తప్పే చోటు ఇంకొకటి: అడ్మిషన్ ఫీజు, పరీక్ష ఫీజు, మరుసటి ఏటి రీ-రిజిస్ట్రేషన్ ఫీజు మూడూ వేరు. "చేరినప్పుడు కట్టాను కదన్నా" అనుకుని పరీక్ష ఫారం నింపనివాడికి హాల్‌టికెట్ రాదు. మొదటి ఏడాది పేపర్లు తప్పాం కదా అని రెండో ఏడాదికి రీ-రిజిస్ట్రేషన్ మానేసేవాళ్లూ ఉన్నారు. ఇగ్నోలో తప్పిన పేపర్లున్నా తర్వాతి ఏడాదికి నమోదు చేసుకోవచ్చు. ఈ తేదీలను మీ ఫోన్ క్యాలెండర్‌లో కూడా పెట్టుకోండి. వారం ముందు ఒక్క మాట గుర్తుచేస్తే చాలు.

పరీక్షల టైంటేబుల్ రాగానే షిఫ్ట్ వేసేవాళ్లతో మాట్లాడాలి, ఇది కొత్తగా చేరినవాడు అడగలేని పని. పరీక్షలు నెలకు పైగా, మధ్యమధ్యలో ఖాళీలతో సాగుతాయి. వరుసగా సెలవు అక్కర్లేదు, ఆయా తేదీల్లో సగం రోజు, ముందురోజు రాత్రి షిఫ్ట్ లేకపోవడం చాలు. మీకు వీలైతే ఆ రోజుల్లో షిఫ్ట్ మార్చుకోండి. ఇంకొకటి, రెండు మూడేళ్లు పెన్ను పట్టనివాడి చెయ్యి మూడు గంటలపాటు రాయలేకపోతుంది. చివరి రెండు ప్రశ్నలు తెలిసి కూడా వదిలేసి వస్తాడు. పరీక్షకు నెల ముందునుంచి వారానికి ఒక పాత ప్రశ్నపత్రం గడియారం పెట్టుకుని పూర్తిగా రాయించండి.

పాసైతే చాలు అనే మాటతో జాగ్రత్త. పాస్ మార్కులతో డిగ్రీ వస్తుంది, కానీ బీఈడీకి మామూలుగా 50 శాతం అడుగుతారు, ఎంబీఏకూ అంతే. రిజర్వేషన్ వర్గాలకు కొంత సడలింపు ఉంటుంది. టీచర్ కావాలన్న ఆశ ఉన్న చెల్లికి ఈ సంగతి చివరి ఏడాదిలో తెలిస్తే చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

ఆఖరి పేపర్ పాసయ్యాక కూడా పని మిగిలే ఉంటుంది. అన్ని సెమిస్టర్ల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ (ఒరిజినల్ వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక సర్టిఫికెట్) ముందు తీసుకోవాలి. ఒరిజినల్ డిగ్రీకి, అదే ఓడీ అంటారు, మళ్లీ విడిగా ఫీజు, దరఖాస్తు ఉంటాయి. వేరే యూనివర్సిటీలో పీజీ చేరాలంటే మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ప్రొవిజనల్‌తోనే ఏళ్లు గడిపి, ఉద్యోగానికి ఎంపికయ్యాక ఓడీ కోసం యూనివర్సిటీ చుట్టూ తిరిగేవాళ్లు చాలామంది. ఫలితాలు వచ్చిన నెలలోనే దరఖాస్తు పెట్టించి, వచ్చిన ప్రతి కాగితం మీద పేరు పదో తరగతి మెమోతో అక్షరం అక్షరం సరిపోయిందో లేదో చూడండి. తప్పుంటే వెంటనే దిద్దించడం సులువు.