ఊళ్లో వేసవి బడి: ఇరవై రోజులు దక్కించుకోవడం ఎట్లా

ఆంధ్రలో బడులు ఏప్రిల్ చివరి వారంలో మూసి, మామూలుగా జూన్ 12న తెరుస్తారు. టెక్సస్‌లో మే నెలాఖరుకు గాని సెలవులు రావు, న్యూజెర్సీలో అయితే జూన్ మూడో వారం దాకా బడే. అందుకే అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలు సెలవులకు నెల్లూరులో దిగేసరికి మేనత్త పిల్లలు పుస్తకాల సంచులు తగిలించుకుని ఆటో ఎక్కేస్తుంటారు. జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖా గ్రంథాలయాల్లో నడిపే వేసవి శిబిరాలూ అప్పటికి ముగిసిపోయి ఉంటాయి. ఇంట్లో మిగిలేది అవ్వ, తాత, ఏసీ గది, వైఫై. ఆరు వారాలు అట్లా గడిపి తిరిగొచ్చాక, ఊళ్లో ఉన్నా వీడికి తెలుగు రాలేదేందని దిగులు పడితే లాభం లేదు. ఊరు తనంతట తాను చదువు చెప్పదు. బడిలాగా నడిపితేనే చెబుతుంది.

బడిలాగా అంటే ఎంతసేపు, ఎన్ని రోజులు? అమెరికాలో దీని మీద బాగా పెద్ద పరిశోధన ర్యాండ్ సంస్థది. వాలెస్ ఫౌండేషన్ సాయంతో బోస్టన్, డల్లాస్, పిట్స్‌బర్గ్, రాచెస్టర్, ఫ్లోరిడాలోని డువాల్ కౌంటీలలో, 2013లో మూడో తరగతి చదువుతున్న 5,600 మందికి పైగా పిల్లలను లాటరీ తీసి రెండుగా విడదీశారు. ఒక వర్గానికి వరసగా రెండు వేసవులు ఉచితంగా బడి, రెండో వర్గానికి లేదు. మొదటి వేసవి తర్వాత లెక్కల్లో కొంత మెరుగు కనిపించింది. 20 రోజులు, అంతకు మించి వచ్చిన పిల్లలకు లాభం ఎక్కువ, రెండో వేసవి తర్వాత చదవడంలోనూ కనిపించింది. పేరు రాయించుకుని ఒక్క రోజూ రానివాళ్లు అయిదో వంతు దాకా ఉన్నారు. ఒక జాగ్రత్త: బడికి పిలిచేది లాటరీయే గాని, 20 రోజులు వచ్చేదీ రానిదీ లాటరీ తేల్చలేదు. శ్రద్ధ ఉన్న ఇళ్ల పిల్లలే ఎక్కువ రోజులు వచ్చి ఉండొచ్చు. అయినా ఆ సంస్థ చెప్పిన కొలతలు మనకు పనికొస్తాయి: కనీసం అయిదు వారాలు, రోజుకు మూడు గంటల చదువు, గదికి 15 మందికి మించకుండా పిల్లలు, ఏర్పాట్లు జనవరి నుంచే.

వేసవిలో పిల్లలు ఏడాది చదువంతా మరిచిపోతారన్న భయం మాత్రం కొంత తగ్గించుకోవచ్చు. 1996లో అమెరికా పరిశోధకుడు హారిస్ కూపర్ బృందం పాత పరిశోధనలన్నీ పోగేసి, సగటున ఒక నెల చదువు వెనక్కి పోతుందనీ లెక్కల్లో ఎక్కువగా పోతుందనీ తేల్చింది. 2019లో మరో పరిశోధకుడు పాల్ వాన్ హిపెల్ ఆ నష్టంలో కొంత భాగం పాత పరీక్షల కొలతల లోపమేనని వాదించాడు. ఆ వాదన ఇంకా తెగలేదు. వర్క్‌షీట్ల కట్టలు సూట్‌కేసులో మోసుకెళ్లాల్సినంత ప్రమాదం ఏమీ లేదు. అమెరికాలో దొరకనిది, ఇక్కడ మాత్రమే దొరికేది తెలుగు. సమయం దానికి పెట్టండి.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఆరు వారాల ప్రయాణమంటే 42 రోజులు. రానుపోను ప్రయాణం, నిద్ర సర్దుకోవడం కలిపి వారం. తిరుమల, అమ్మమ్మ గారి ఊరు, ఒక పెళ్లి, ఒక గృహప్రవేశం కలిపి ఇంకో పది రోజులు. కడుపు చెడితే మూడు రోజులు. 22 మిగిలాయి. ఇందులో రెండు మూడు పోయినా 20 దగ్గర నిలబడాలంటే, టికెట్లు తీసేటప్పుడే చుట్టాల ఇళ్ల తిరుగుడంతా ఒకే పది రోజుల్లోకి కుక్కాలి, అదీ ప్రయాణం చివర్లో. వారానికి రెండు ఊళ్ల చొప్పున పరిచారంటే బడి ఎప్పటికీ మొదలు కాదు.

వేళలు ఎండను బట్టి పెట్టుకోవాలి. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కార్తె పోయినా వేడి పోదు, ఎందుకంటే ఇక్కడ పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్, జులై నెలల్లో పదింటి తర్వాత ఎవరికీ తల పనిచేయదు. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మన పిల్లలకు విడిగా, సాయంత్రం అయిదున్నర నుంచి ఆరున్నర దాకా వీధి పిల్లలతో కలిపి: మొత్తం మూడు గంటలు. మొదటి వారం పిల్లలు ఎట్లాగూ తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు కాబట్టి పొద్దుటి బడికి ఇబ్బంది ఉండదు. సాయంత్రానికి మాత్రం కళ్లు వాలిపోతాయి, ఆ వారం సాయంత్రం బడి వద్దు.

ముందు స్థాయి చూడాలి. ఇందుకు పిల్లల చదువుల కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ, పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలో 2005 నుంచి వాడుతున్న పద్ధతి కన్నా సులువైనది లేదు. పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు వాక్యాల పేరా చదవమనండి. తడబడకుండా చదివితే కథకు వెళ్లండి. చదవలేకపోతే మాటలకు దిగండి: అయిదు మాటల్లో నాలుగు సరిగ్గా చదివితే మాటల స్థాయి, లేకుంటే అక్షరాలు, అక్కడా అయిదింటికి నాలుగే లెక్క. మనిషికి అయిదు నిమిషాలు పడుతుంది. మన పిల్లలకు ఇంకొకటి కూడా చూడాలి: ఒక చిన్న కథ వినిపించి తిరిగి చెప్పించడం. తెలుగు అంతా అర్థమవుతూ జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో వచ్చే పిల్లలు, మాట్లాడగలిగీ అక్షరం రానివాళ్లు, అక్షరాలన్నీ వచ్చి వాక్యం పలకలేనివాళ్లు మూడు వేరు వేరు రకాలు. మూడు రకాలకూ ఒకే వాచకం ఇవ్వడమే అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు.

స్థాయి తెలిశాక వయసును పక్కన పెట్టి జట్లు కట్టాలి. ప్రథమ్ వేసవి శిబిరాల కిటుకు ఇదే. 2008లో బీహార్‌లో ప్రభుత్వ టీచర్లే నెల రోజులు ఈ పద్ధతిలో చెబితే పిల్లల చదువు మెరుగైంది. తర్వాత ఉత్తరప్రదేశ్‌లో పది, ఇరవై రోజుల విడతలుగా నడిపినప్పుడూ ఫలితం గట్టిగానే వచ్చింది. అయితే మన దగ్గర దీనికో చిక్కుంది. డల్లాస్ నుంచి వచ్చిన పదేళ్ల పిల్లవాడు కోవూరులోని ఆరేళ్ల పాపతో ఒకే జట్టులో కూర్చోవాలంటే నామోషీ పడతాడు, మూడో రోజుకు కడుపునొప్పి అంటాడు. విరుగుడు ఏమిటంటే వాడికీ ఒక పీట వేయడం. సాయంత్రం గంటలో మొదటి పావుగంట వాడు ఊరి పిల్లలకు ఇంగ్లిష్ కథ చదివి వినిపిస్తాడు, మిగిలిన ముప్పావుగంట వాళ్లు వాడికి తెలుగు చెబుతారు. పావుగంటకు గడియారం పెట్టండి. లేకపోతే మనవాడికి తెలుగు వచ్చేలోపు వీధి మొత్తానికి అమెరికా ఇంగ్లిష్ వచ్చేస్తుంది. ఊరి పిల్లలు ఆరుగురు, ఏడుగురు చాలు. వాళ్ల ఇంటిపనికి అడ్డం రాకుండా ఆరున్నరకు పంపించేయాలి, లేకుంటే రెండో వారంలో వాళ్ల అమ్మలు మానిపిస్తారు.

చెప్పడానికి ఎవరు? ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో ప్రయోగాలు చేశారు. వాటిలో ఒకదానిలో లాటరీ ద్వారా ఫీజు వోచర్లిచ్చి కొందరు పిల్లలను ప్రైవేటు బడులకు పంపించారు. నాలుగేళ్ల తర్వాత కూడా తెలుగులో, లెక్కల్లో వాళ్లు మిగతా పిల్లలను మించలేదు. హిందీలో మాత్రం మించారు. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ ఇచ్చే సమయమే తక్కువని కూడా ఆ పరిశోధన చూపింది. కాబట్టి ఊళ్లో పేరున్న కాన్వెంటు ట్యూషన్‌ను వెతుక్కోనక్కర్లేదు. ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులు చెప్పి రిటైరైన టీచరమ్మ దొరికితే అంతకన్నా ఏం కావాలి! ఆమెతో ముందే రెండు మాటలు అనుకోండి: మొదటి రోజే పద్యాలు బట్టీ పట్టించవద్దు, డిక్టేషన్ వద్దు.

సరంజామా కొంచెమే: మార్కాపురం పలకలు, బలపాలు, అట్టముక్కల మీద రాసిన అక్షరాలు. అక్షరాలు అ, ఆ వరుసలోనే నేర్పాలన్న నియమం లేదు. ర, గ, న, ల, ప, మ, ట, త లాంటి ఎనిమిది హల్లులు, తలకట్టు, దీర్ఘం, గుడి చాలు, మొదటి వారంలోనే మాటలు తయారవుతాయి: గాలి, రాగి, పాట, మామ, తాత. వర్ణమాల మొత్తం అయ్యాకే మాటలంటే సెలవులన్నీ ళ, క్ష దగ్గరే అయిపోతాయి. ఇరుక్కునే చోట్లు ముందే తెలుసుకోండి. ప, వ అక్షరాలకు కొమ్ము కింది నుంచి వస్తుంది, అది గమనించకపోతే ‘వు’కూ ‘మ’కూ తేడా దొరకదు. త, న, మ, య, ర, ల వత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు, అందుకని వాటిని విడి గుర్తులుగానే, అమ్మ, అన్న, అత్త, చెల్లి, అయ్య అంటూ నేర్పాలి. పొద్దుటి రెండు గంటల్లో అక్షరాలకు అరగంట దాటనివ్వద్దు, మిగిలినదంతా చదవడం, మాట్లాడడం, కాసిన్ని లెక్కలు.

పుస్తకాల సంగతి. ఫ్లోరిడాలో 17 బడుల పిల్లలకు ఆలింగ్టన్, మెక్‌గిల్-ఫ్రాన్జెన్ అనే పరిశోధకులు మూడు వేసవులు వరసగా, ఏటా 12 పుస్తకాలు, పిల్లలే ఎంచుకున్నవి ఇచ్చారు, చదవడం మెరుగైంది. ఇంకో పరిశోధకుడు జేమ్స్ కిమ్ ప్రయోగాల్లో ఊరికే పుస్తకాలు పంచితే సరిపోలేదు. స్థాయికి తగినవి ఇచ్చి, ఇంట్లో పెద్దలకు బిగ్గరగా చదివి వినిపించేలా చూసి, కథ గురించి ప్రశ్నలు అడిగే పద్ధతి నేర్పినప్పుడే ఫలితం వచ్చింది. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు నాలుగు మెట్లుగా ఉచితంగా దొరుకుతాయి. మొదటి మెట్టు కథలు పన్నెండు అచ్చు వేయించుకోండి, ఫోన్లో చూపిస్తే వేలు వేరే చోటికి పోతుంది. పేజీకి అయిదు మాటలకన్నా ఎక్కువ తడబడితే ఆ పుస్తకం పక్కన పెట్టేయాలి. అవ్వకు చదివి వినిపించాలి, అవ్వ రెండే ప్రశ్నలు అడగాలి: ఏమైంది, ఎందుకట్లా చేశాడు?

లెక్కలకు రోజూ ఇరవై నిమిషాలు చాలు, అదీ ఊరి కొలతల్లో. నెల్లూరు పుట్టి ధాన్యం అంటే 850 కిలోలు. మడికి మూడున్నర పుట్లు పండితే ఎన్ని కిలోలు, 75 కిలోల బస్తాలైతే ఎన్ని? నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, సెంటు 435.6. మరి సెంటుకు సుమారు ఎన్ని అంకణాలు? భిన్నాలు, దశాంశాలు అన్నీ ఇందులోనే వస్తాయి. తాతకు ఈ లెక్కలు నోటికి వచ్చు కాబట్టి మాటలు కూడా తెలుగులోనే సాగుతాయి.

మాట్లాడించడం దగ్గర అడ్డుపడేది పిల్లలు కాదు, చుట్టాలు. వాళ్లకు తమ ఇంగ్లిష్ వినిపించాలని సరదా, పిల్లల యాస విని నవ్వాలని ఇంకా సరదా. ఒకసారి నవ్వారంటే పదేళ్లు దాటిన పిల్లలు మళ్లీ నోరు తెరవరు. తప్పు దిద్దకుండా అదే మాట సరిగ్గా తిరిగి అంటే చాలు. ‘తాతా, నువ్వు రా’ అని మనవడు అంటే, ‘తాతా, మీరు రండి అంటున్నావా, ఇదిగో వస్తున్నా’ అని తాత లేచి రావాలి. ఇంట్లో అమ్మానాన్నలు ఒకరినొకరు పిలుచుకోవడమే విన్న పిల్లలకు మర్యాద మాటలు తెలియకపోవడం వింతేమీ కాదు. కూరగాయల అంగడికి, రేవు నుంచి చేపలు తెచ్చే అమ్మి దగ్గరకు చీటీ ఇచ్చి పంపండి. అక్కడ ఇంగ్లిష్‌లో బేరం కుదరదు. ప్రయాణం మొహర్రం నెలలో పడితే రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గరికి తీసుకెళ్లి, ఏ కోరికకు ఏ రొట్టె ఇచ్చిపుచ్చుకుంటున్నారో నలుగురిని అడిగి రమ్మనండి. అది ఒక రోజు బడి కిందే లెక్క.

బయల్దేరే ముందు రోజు మళ్లీ అదే పేరా, అవే మాటలు. ఒక మెట్టు ఎక్కితే చాలు, రెండు ఎక్కితే అదృష్టం. వెనక్కొచ్చాక వారం వారం కొనసాగకపోతే అక్షరాలు దసరాకే జారిపోతాయి. శనివారం రాత్రి టెక్సస్‌లో ఎనిమిదైతే నెల్లూరులో ఆదివారం పొద్దున ఆరున్నర, అవ్వ అప్పటికే కాఫీ తాగి ఉంటుంది. వీడియో కాల్‌లో ఒక కథ, పదిహేను నిమిషాలు. నవంబరులో అక్కడ గడియారం వెనక్కి తిప్పాక అదే ఏడున్నర అవుతుందని అవ్వకు ముందే చెప్పి పెట్టండి.