ట్రాలీ పై సొరుగులో అన్నీ అరువు మందులే

నెలాఖరు వచ్చిందంటే ఎక్స్‌పైరీలు చూసే పని నాది. మా హాస్పిటల్లో ప్రతి వార్డుకీ ఒక ఎర్ర ట్రాలీ ఉంటుంది, కోడ్ బ్లూ (ఎవరికో గుండె ఆగిందన్న పిలుపు) అనగానే సిస్టర్లు దాన్ని లాక్కుని పరిగెడతారు, అంతా అయ్యాక పై సొరుగులో ఏం మిగిలిందో చూసి మళ్ళీ నింపేది ఫార్మసీలో కూర్చునే మేము. పదిహేనేళ్ళుగా నింపుతున్నా. అందులో ఒక్క మందు కూడా ఆగిపోయిన గుండె కోసమని పుట్టింది కాదని మాత్రం ఈమధ్యే తట్టింది.

అమియోడరోన్ సంగతే తీసుకోండి. కాస్త ఊపితే సబ్బునీళ్ళలా నురుగొస్తుంది, అందుకే కొత్త సిస్టర్లకి మెల్లగా లాగమ్మా అని చెబుతుంటాం. 1961లో బెల్జియంలో దీన్ని తయారుచేసింది శ్రమపడితే వచ్చే గుండెనొప్పికి. తర్వాత అర్జెంటీనాలో రోసెన్‌బామ్ అనే డాక్టరు, ఆయనలాంటి మరికొందరు, ఇది గుండె లయని కూడా దారిలో పెడుతోందని గమనించారు. దాని పక్కనే ఉండే లిగ్నోకైన్ అయితే పన్ను పీకేముందు చిగురుకి ఇచ్చే మత్తుమందే. ఈ రెంటినీ ఉత్త సెలైన్‌తో పోల్చి అమెరికా, కెనడాల్లో, షాకిచ్చినా గుండె లయ దారికి రాని 3,026 మంది మీద చేసిన ట్రయల్ 2016లో వచ్చింది. బతికి ఇంటికెళ్ళినవాళ్ళు అమియోడరోన్‌తో 24.4 శాతం, లిగ్నోకైన్‌తో 23.7, సెలైన్‌తో 21. ఆ తేడాని గట్టిగా నమ్మడానికి లేదన్నారు, కానీ ఎవరైనా చూస్తుండగా పడిపోయినవాళ్ళని విడిగా లెక్కేస్తే రెండు మందులూ పనిచేసినట్టే కనిపించింది. ఎందుకంటే చూసినవాళ్ళుంటే ఫోనూ తొందరగా వెళ్తుంది, మందూ తొందరగా పడుతుంది. ఫోన్ చేశాక మందు లోపలికి వెళ్ళేసరికి ఆ ట్రయల్లో సగటున దాదాపు 20 నిమిషాలు పట్టింది మరి.

పాత మందుని కొత్త పనికి వాడదామనే ఆలోచన నాకు భలే ఇష్టం. ధర తెలుసు, సైడ్ ఎఫెక్టులు తెలుసు, స్టోర్లో స్టాకుంది. లాజిక్ కూడా వినడానికి బాగుంటుంది. కానీ లాజిక్‌ని నమ్ముకుంటే దెబ్బతింటాం. గుండె ఆగడానికి చాలాసార్లు రక్తం గడ్డే కారణం కదా, గుండెపోటుకిచ్చే గడ్డ కరిగించే ఇంజెక్షన్ టెనెక్టెప్లేజ్ ఇక్కడా ఇస్తే? యూరప్‌లో 1,050 మందికి చేసి చూశారు, 2008లో ఫలితం వచ్చింది, ఏమీ లాభం లేదు. (గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు, పేపర్లవాళ్ళు రెండూ కలిపేస్తారు.) కాల్షియం కథ ఇంకా ఘోరం. గుండె కండరం బిగుసుకోవాలంటే కాల్షియం కావాలి కాబట్టి ఇస్తే మంచిదే అనుకునేవాళ్ళం. 2021లో డెన్మార్క్‌లో కాల్షియం ఇచ్చినవాళ్ళలో 19 శాతం మందికి గుండె తిరిగి కొట్టుకుంది, ఇవ్వనివాళ్ళలో 27. ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. మా సొరుగులో కాల్షియం గ్లూకోనేట్ ఇప్పటికీ ఉంది, అది పొటాషియం పెరిగిపోయిన కిడ్నీ పేషెంట్లలాంటివాళ్ళ కోసం.

ఇక అడ్రినలిన్. కోడ్ ఒకటి నడిస్తే నాలుగైదు యాంప్యూల్స్ విరిగి ట్రేలో పడతాయి. దాని గురించి చదువుతుంటే నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. పెదనాన్నగారు పడిపోయిన మూడో రోజు, వేరే ఊరి ఐసీయూ బయటినుంచి ఫోన్ చేసి, "గుండె బాగానే కొట్టుకుంటోందంటున్నార్రా, మరి కళ్ళెందుకు తెరవట్లేదు?" అంది. నేను ఏదో నసిగాను. ఇంగ్లండ్, వేల్స్‌లో 8,014 మంది మీద చేసిన ట్రయల్లో (2018లో అచ్చయింది) ఆ ప్రశ్నకి అంకెలున్నాయి. 30 రోజులు బతికినవాళ్ళు అడ్రినలిన్‌తో 3.2 శాతం, సెలైన్‌తో 2.4. అంటే బతికించింది. కానీ డిశ్చార్జ్ దాకా బతికినవాళ్ళలో మెదడు బాగా దెబ్బతిన్నవాళ్ళు అడ్రినలిన్ వైపు 31 శాతం, సెలైన్ వైపు 17.8. గుండెని లేపినంత సులువుగా మెదడుని లేపలేదన్నమాట. అందుకే ఇప్పుడు ఏ ట్రయల్ చదివినా "గుండె తిరిగి కొట్టుకుంది" అనే అంకె దగ్గర ఆగను, ఎంతమంది తమ పనులు తాము చేసుకుంటూ ఇంటికెళ్ళారన్న అంకె కోసం కిందికి వెళ్తా. చాలాసార్లు అక్కడికెళ్ళేసరికి నీరసం వస్తుంది.

ఇప్పుడు చూపంతా గుండె కొట్టుకున్న తర్వాతి గంటల మీదికి మళ్ళింది. రక్తం మళ్ళీ పారగానే ఒళ్ళంతా వాపు ప్రక్రియ మొదలై మెదడుని ఇంకా దెబ్బతీస్తుంది కదా, దాన్ని అణచడానికి కీళ్ళవాతానికిచ్చే టోసిలిజుమాబ్‌ని డెన్మార్క్‌లోనే 80 మందికి చేసిన ట్రయల్లో చూశారు, మిథైల్‌ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్‌ని అంబులెన్సులోనే 250 మిల్లీగ్రాములిచ్చి 137 మందిలో చూశారు. స్టెరాయిడ్‌తో వాపు సూచించే ఐఎల్-6 బాగా తగ్గింది. మెదడు దెబ్బని చూపించే ఎన్ఎస్ఈ మాత్రం తగ్గలేదు.

మొన్న కొత్తగా చేరిన డ్యూటీ డాక్టరుగారు ఇదంతా చదివొచ్చి, "స్టెరాయిడ్ వయల్స్ ట్రాలీలో రెండు పెట్టేద్దామా అన్నా?" అని అడిగారు. ఇప్పుడే వద్దు సార్ అన్నాను. అవి ఆస్తమా మందుల ర్యాకులో ఉన్నాయి, స్టాకు బాగానే ఉంది. ట్రాలీలో అడ్రినలిన్ పది, ఎక్స్‌పైరీ దగ్గర పడ్డవి ముందు వరసలో.