గ్యాస్ మారుతోంది, మరి మెషీన్ ఎవరు కొంటారు?
శ్రీకాకుళంలో ఏసీ మెకానిక్‌లకు కొత్త గ్యాసుల మీద శిక్షణ ఇచ్చి వచ్చాను. ఓజోన్ పొరను కాపాడేందుకు దేశాలు చేసుకున్న 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం, 1992లో మన దేశం అందులో చేరడం, ఆ పొరను తినేసే ఆర్-22 అనే పాత ఏసీ గ్యాస్ వాడకాన్ని 2030కల్లా దాదాపు ఆపేయాలన్న గడువు... అన్నీ మర్యాదగా తలూపుతూ విన్నారు. దాని బదులు వస్తున్న ఆర్-290 అంటే ప్రొపేనే అనగానే మాత్రం అందరూ నిటారుగా కూర్చున్నారు.

"ఏటి సార్, వంటగ్యాస్‌తో ఏసీ నడిపేత్తారా?" అన్నాడు ఏడు రోడ్ల కూడలి దగ్గర పనిచేసే కుర్రాడు.

ఆ భయం ఉండటమే మంచిది. ప్రొపేన్ ఓజోన్ జోలికి పోదు, భూమిని వేడెక్కించడమూ నామమాత్రమే, కానీ అంటుకుంటుంది. అందుకే కొద్దిగానే నింపుతారు. రిపేరు చేసేటప్పుడు గాలి ఆడేలా కిటికీలు తెరవాలి, పైపులో గ్యాస్ ఉండగా అతుకులు వేసే మంట టార్చ్ వెలిగించకూడదు. ఆర్-22 కోసం చేసిన పాత ఏసీలో దీన్ని నింపే ఆలోచనే వద్దు. (మన తీరంలో ఐస్ ఫ్యాక్టరీల్లో చల్లబరచడానికి వాడే అమ్మోనియా కూడా ఓజోన్‌కి హాని చేయదు. ఘాటు సంగతి వేరే!)

అసలు చిక్కు పాత గ్యాస్‌ని గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి పట్టడం. దానికి ఒక మెషీన్ కావాలి. "ఆ మెషీన్ ఖరీదు ఎవరిస్తారు బావూ?" అని ఒక పెద్దాయన అడిగారు. నాలుగు షాపులు కలిసి ఒకటి కొనుక్కోవచ్చన్నాను. దాన్ని ఎవరి షాపులో ఉంచాలన్న దగ్గర గొడవ మొదలైంది, టీ వచ్చినా ఆగలేదు.